దాచిన మంచి కబురు

ఫిబ్రవరి 3

గంజిలో ఉప్పు ఎక్కువైందట. గిన్నెను పక్కకు నెట్టి ఆయన గోడ వైపు తిరిగి పడుకున్నాడు. నిజానికి ఉప్పు వెయ్యడమే మరిచిపోయాను. కీమో మందుకు నాలుక రుచి అలా తప్పుతుందని నాకు తెలుసు. చెప్పలేదు. చెబితే సైంటిస్టు నోరు విప్పింది అంటాడు.

హైదరాబాద్‌లో ఆపరేషన్ అయి రెండు నెలలు కావస్తోంది. క్లోమంలో గడ్డ. గడ్డతో పాటు క్లోమంలో కొంత, దాన్ని ఆనుకుని ఉన్న పేగు, పిత్తాశయం తీసేశారు. ఇప్పుడు హనుమకొండలో రెండు వారాలకోసారి కీమో. మనిషి సగమయ్యాడు. నోరు మాత్రం ఎక్కడా తగ్గలేదు.

ఇవన్నీ ఎవరితోనైనా అంటే, చావుబతుకుల్లో ఉన్న మొగుడి మీద అంత కోపమా అంటారు. అందుకని ఇక్కడ రాసుకుంటున్నాను. ఇక్కడ కూడా ‘ఆయన’ అనే వస్తోంది. ఇరవై ఆరేళ్ళ అలవాటు.

ఫిబ్రవరి 12

రెండో కీమో. సూది పెట్టేటప్పుడు డాక్టర్ హారిక పక్కన కూర్చుని మాట్లాడింది. చిన్న వయసు, ఓపిక ఎక్కువ. ఆపరేషన్‌లో తీసిన గడ్డను పరిశోధనకు వాడుకోవడానికి ఆయన హైదరాబాద్‌లోనే ఒప్పుకున్నాడు. ఆ పరిశోధనలో ఈమె కూడా ఉందట. అది దేనికని ఆయన అడిగితే, మేడమ్‌ది మైక్రోబయాలజీ కదా, మేడమే చెప్తారు అని నా వైపు చూసింది.

చెప్పాను. ఒంట్లో కాపలా కాసే టి కణాలు ఉంటాయి. ఒక్కో కణం పైన ఒక్కో రకం రిసెప్టర్. దానికి సరిపోయేది ఎదురైతేనే కణం పట్టుకుంటుంది. పట్టుకున్న కణం తనలాంటివే వేలకొద్దీ పుట్టిస్తుంది. గడ్డలోకి ఏ రిసెప్టర్లున్న కణాలు వచ్చాయి, ఎన్ని వచ్చాయి అని లెక్కగట్టి, ఆ మనుషులు ఆ తర్వాత ఎంతకాలం బతికారో చూస్తారు. అంతే చెప్పాను. నాలుగు ముక్కలు.

ఆయన నర్సు వైపు తిరిగి అన్నాడు. “మా ఇంట్ల సైంటిస్టు ఉందమ్మా. పప్పుల ఉప్పెంతెయ్యాల్నో మాత్రం ఎర్కలేదు.”

నర్సు నవ్వింది. నేనూ నవ్వాను. పాడు మూతి, దానంతట అదే నవ్వుతుంది.

ఫిబ్రవరి 27

ఈ రోజంతా ఆయన మాట్లాడలేదు. మంచి రోజు.

మార్చి 9

పెళ్ళయిన ఏడాదే నాకు స్టేషన్ ఘన్‌పూర్‌లో డిగ్రీ కాలేజీ ఉద్యోగం వచ్చింది. రమ్మన్న రోజు కోసం రెండు కాటన్ చీరలకు గంజి పెట్టించుకున్నాను. ఆయన బండి మీద ఘన్‌పూర్ వెళ్ళి, మా ఇంట్ల ఆడోళ్ళు నౌకరీకి రారు అని ప్రిన్సిపాల్‌తో చెప్పి వచ్చాడు. నాకు చెప్పలేదు. నేను బస్సెక్కి వెళ్ళి, నా కుర్చీలో ఇంకో అమ్మాయి కూర్చుని ఉండగా చూసి తిరిగి వచ్చాను. సాయంత్రం స్టేషన్ రోడ్డులోని తన మోటార్ల దుకాణం నుంచి వచ్చి, టీ తాగుతూ, బస్సుల బాగ తిరిగినవా అన్నాడు.

ఆ సంగతి నేనెప్పుడో మరిచిపోయాను. ఊరికే గుర్తొచ్చింది.

మార్చి 20

ఈ జబ్బు సంగతి ఫోన్‌లో చాలా చదివాను. ఆపరేషన్ అయినవాళ్ళలో కూడా ఎక్కువమందికి తిరగబెడుతుంది. ఏడాది, రెండేళ్ళు.

ముందు గదిలో ఆయన సోఫాలు తీసేస్తే పిల్లలకు ట్యూషన్ చెప్పుకోవచ్చు. వెలుతురు బాగా వస్తుంది. బోర్డు పడమటి గోడకు పెట్టాలి. ఇది ఏదో కోరుకోవడం కాదు. ముందుచూపు. ఇంట్లో ఎవరో ఒకరు ఆలోచించాలి కదా. నిన్న సోఫాల కొలతలు తీసుకున్నాను, వాటిని ఎవరికైనా ఇవ్వాల్సి వస్తే చెప్పడానికి.

మార్చి 27

నేను చెడ్డదాన్ని కాదు. మందులు వేళకు ఇస్తున్నాను.

ఏప్రిల్ 9

ఆరో కీమో. సగం అయింది. చల్లటిది ముట్టుకుంటే ఆయన వేళ్ళలో కరెంటు కొట్టినట్టు ఉంటోందట. ఫ్రిజ్ తలుపు తీసి కేక పెట్టాడు. ఫ్రిజ్ ముట్టద్దని ముందే ఎందుకు చెప్పలేదని నన్ను తిట్టాడు. చెప్పాను. రెండుసార్లు చెప్పాను.

ఈ ఎండల్లో కూడా దుకాణానికి పోతానని పట్టు. నిన్న పోయి, మోటారు బోల్టు వేళ్ళకు దొరక్క కిందపడేశాడట. పనిచేసే కుమారస్వామి చూడనట్టు తల తిప్పుకున్నాడట. మా అమ్మాయి అనూష చెప్పి కళ్ళు తుడుచుకుంది. మడికొండలో ఐటీ కంపెనీ ఉద్యోగం చేసి, ఇంటికొచ్చి నాన్న కాళ్ళు పడుతుంది. దానికి ఆయన ఎప్పుడూ మంచివాడే. నాతో చెప్పాల్సిన మాట కూడా దానితోనే చెబుతాడు. మీ అమ్మకు జెప్పు బిడ్డా, అని. నేను ఎదురుగానే ఉంటాను.

ఏప్రిల్ 11

పొద్దున డాక్టర్ హారిక ఫోన్ చేసింది. ఆయన దుకాణంలో ఉన్నాడు.

పరిశోధన ఫలితం వచ్చిందట. చాలామందిలో టి కణాలు గడ్డ బయటే ఆగిపోతాయి, లోపలికి రాలేవు. ఆయనలో లోపలికి వచ్చాయి. వచ్చిన వాటిలో ఒకే రిసెప్టర్ ఉన్న కణాలు గుంపులు గుంపులుగా ఉన్నాయి. అంటే దేన్నో గుర్తుపట్టి పెరిగాయి. కణాలను అలసిపోయేట్టు చేసే ఇంకో రకం రిసెప్టర్ ఉంటుంది, అది కూడా తక్కువే ఉందట. ఇలా ఉన్నవాళ్ళు మిగతావాళ్ళకంటే ఎక్కువకాలం బతికినట్టు వాళ్ళు చూశారు. కొందరు చాలా ఏళ్ళు.

ఇది మాటివ్వడం కాదు, ఒక్క మనిషి గురించి ఖాయంగా ఎవరూ చెప్పలేరు అని నొక్కి చెప్పింది. కానీ సార్ కీమో మానేస్తానంటున్నారు, ఈ మాట వింటే ధైర్యం వస్తుంది, వచ్చినప్పుడు నేనూ చెప్తాను, ముందు మీరు చెప్పండి, మీరైతే అర్థమయ్యేలా చెప్తారు అంది.

సరే అన్నాను. థాంక్స్ కూడా చెప్పాను.

ఫోన్ పెట్టేసి ముందు గదిలో కూర్చున్నాను. ఆ సోఫాలు ఎంత బరువో.

ఏప్రిల్ 12

చెప్పలేదు. వస్తూనే అన్నం చల్లగా ఉందని కంచం తోసేశాడు. రేపు చెబుతాను.

ఏప్రిల్ 14

చెప్పలేదు. మరిది సత్యనారాయణ వచ్చాడు, ఇద్దరూ దుకాణం మాటల్లో పడ్డారు. మధ్యలో దూరి చెప్పే మాట కాదు.

ఏప్రిల్ 17

చెప్పలేదు.

ఏప్రిల్ 22

రేపు కీమోకు రానన్నాడు. అనూష బతిమాలి, అలిగి, ఆఫీసుకు పోయింది. ఇద్దరమే ఉన్నాం. నేను కూర తరుగుతున్నాను. వచ్చి వంటింటి గడపలో నిలబడ్డాడు. ఆ గడప దాకా ఆయన రావడం నేనెప్పుడూ చూడలేదు.

“నువ్వు సదువుకున్నదానివి. నిజం జెప్పు. నేను ఉంటనా?”

ఇరవై ఆరేళ్ళలో నన్ను ఒక సంగతి అడగడం ఇదే మొదలు. నోటి దాకా వచ్చింది. నిజంగా వచ్చింది. అప్పుడు నా నోరు వేరే మాట అంది.

“నాకేం ఎర్క? నాకు పప్పుల ఉప్పే ఎర్కలేదు కద.”

ఆయన గోడ పట్టుకుని వెళ్ళిపోయాడు. బెండకాయలు తరగడం పూర్తి చేశాను. కూర బాగా కుదిరింది.

ఏప్రిల్ 23

కీమోకు పోలేదు. పొద్దెక్కే దాకా పడుకున్నాడు. ఒళ్ళు ఆయనది, నిర్ణయం ఆయనది. నేను వద్దనలేదు.

ఏప్రిల్ 26

డాక్టర్ హారిక రెండుసార్లు ఫోన్ చేసింది. ఒకసారి స్నానంలో ఉన్నాను. ఇంకోసారి ఫోన్ ఛార్జింగ్‌లో ఉంది.

రాత్రి అన్నం దగ్గర అనూష అడిగింది, డాక్టర్ ఏమైనా చెప్పిందా మమ్మీ అని. లేదన్నాను. దాని ముఖం చూసి చెప్పాను. ఇంతవరకు నేను అబద్ధమాడలేదు, చెప్పలేదు, అంతే. ఇది అబద్ధం.

ఏప్రిల్ 30

ఈ మధ్య నెమ్మదించాడు. పెట్టింది పెట్టినట్టు తింటున్నాడు. ఇవాళ, డాక్టరమ్మ ఏమన్న ఫోన్ జేసిందా అని నన్నే అడిగాడు. లేదన్నాను. తల ఊపాడు. జబ్బు మనిషిని మెత్తబరుస్తుందంటారు, అదే కావచ్చు.

మే 4

మళ్ళీ అడిగాడు. లేదన్నాను.

మే 7

ఇంకో కీమో రోజు కూడా పోయింది. ఎండ భరించలేకుండా ఉంది. కూలర్ గాలి ఆయన వేళ్ళకు పడదని కట్టేశాం. మధ్యాహ్నం నిద్రలో మూలిగాడు. లేపి చెబుదామని లేచాను. మంచినీళ్ళు తాగి వచ్చి పడుకున్నాను.

మే 11

ఎలా రాయాలో తెలియడం లేదు. జరిగింది జరిగినట్టు రాస్తాను.

పొద్దున సత్యనారాయణను పిలిపించాడు. నన్ను కూడా కూర్చోమన్నాడు. దుకాణం తమ్ముడికి అప్పజెప్పుతాడట. ఈ ఇల్లు అనూష పెళ్ళి దాకా కిరాయికి ఇస్తారట. నేను సత్యనారాయణ ఇంటి పైగదిలో ఉండాలట. వదినెకు ఏ లోటూ రానియ్య అని సత్యనారాయణ నా వైపు చూడకుండా అన్నాడు. ఆడమనిషి ఒక్కతె ఏముంటది, నాలుగు దినాలైతే ఆమెకే సమజైతది అని ఆయన అన్నాడు. నేను లేనట్టే. ముందు గది, బోర్డు, పడమటి గోడ, అన్నీ కళ్ళ ముందే పోయాయి. ఆయన పోయాక నేనెలా ఉండాలో కూడా ఆయనే తేల్చేశాడు.

సత్యనారాయణ వెళ్ళేదాకా ఆగాను. అంతవరకే ఆగగలిగాను.

“నువ్వు ఇప్పట్ల సావవు,” అన్నాను. “నీ ఒంట్ల కణాలు మంచిగ కొట్లాడుతానయట. నీలాంటోళ్ళు ఏండ్లకేండ్లు బతికిన్రట. డాక్టరమ్మ నెల కిందనే జెప్పింది. నాకే జెప్పబుద్ధి కాలె.”

నువ్వు అన్నాను. పెళ్ళయినప్పటి నుంచి మీరు తప్ప ఇంకో మాట నా నోట రాలేదు. మంచి కబురును రాయిలా విసిరాను.

ఆయన కదలలేదు. “ఎర్కే,” అన్నాడు.

నువ్వు ఫోన్ ఎత్తకపోతే ఆమె నాకే చేసింది అన్నాడు. మీ మిసెస్‌కు అప్పుడే చెప్పాను కదా సార్, చెప్పలేదా అని అడిగిందట. చెప్పింది, నేనే మరిచిన అన్నాడట. అది జరిగింది ఏప్రిల్ ఆఖర్లో. డాక్టర్ ఫోన్ చేసిందా అని నన్ను అడగడం మొదలుపెట్టింది ఆ తర్వాతే.

మరి మొన్న బుధవారం కీమోకు ఎందుకు పోలేదని అడిగాను.

“నువ్వు జెప్పినంక పోదామనుకున్న.”

“చెప్పకుంటే?”

“పోకపోతుంటి.” ఇంకో మాట కూడా అన్నాడు. “నీకు నా మీద కోపమున్నదని ఎర్కే. గింతున్నదని ఎర్కలేకుండె.”

సిగ్గు వేసిందని రాయాలేమో. వేయలేదు. భయం వేసింది. ప్రాణం తెచ్చి నా ముందు పందెం పెట్టి, నేనేం చేస్తానో చూస్తూ అన్నం తిన్నాడు ఈ మనిషి. నేను ఆ పందెం తెలియకుండానే ఆడాను. ఇద్దరిలో ఎవరు ఎక్కువ దుర్మార్గులో నాకు తెలియదు.

మే 21

కీమో మళ్ళీ మొదలు. నేనే తీసుకుపోయాను. మధ్యలో పోయిన రెండింటి గురించి డాక్టర్ హారిక ఏమీ అనలేదు. ఒంట్లో బాగోలేక రాలేదని ఆయనే చెప్పాడు.

జూన్ 15

అనూషకు చెప్పలేదు ఆయన. చెప్పడు. నా మెడకు పలుపు వేసి కొస చేతిలో పట్టుకున్నాడు.

జులై 6

టీ ఇస్తే, ఏం కలిపినవో అన్నాడు. అనూష నవ్వింది. డాడీ జోకులేస్తున్నాడంటే బాగైనట్టే అంది. ఆయన నన్నే చూస్తూ గ్లాసు పూర్తిగా తాగాడు.

జులై 19

ఇవాళ కూడా అదే జోకు. పనిమనిషి కట్టమ్మ గిన్నెలు తోముతూ విని, తనూ నవ్వింది.

ఆగస్టు 3

వాంతి చేసుకుంటుంటే వీపు రాశాను. చెయ్యి తీసెయ్యమనలేదు. చెప్పుకోవాల్సిందేం కాదు, వీపంతా ఎముకలే, అది రాద్దామని.

సెప్టెంబర్ 10

కీమోలన్నీ అయ్యాక తీసిన స్కాన్ వచ్చింది. ఎక్కడా ఏమీ లేదు. ఇప్పటికైతే లేదు అని డాక్టర్ హారిక సరిచేసింది. మూడు నెలలకోసారి చూస్తూ ఉండాలి. అనూష అక్కడే ఏడ్చేసింది. డాక్టర్ నా చెయ్యి పట్టుకుని, ఆ రోజు మీరు చెప్పిన ధైర్యమే మేడమ్ అంది.

ఆయన చొక్కా గుండీలు పెట్టుకుంటూ అన్నాడు. “అవ్ డాక్టరమ్మా. ఆమె జెప్పవట్టే బతికిన.”

ఒక్కొక్క గుండీ నిదానంగా పెట్టుకున్నాడు.

వాళ్ళు మెట్లు దిగాక నేను వెనక్కి వెళ్ళి అడిగాను. మానేసిన రెండు కీమోల వల్ల ముందు ముందు ఏమైనా అవుతుందా అని. ఎవరూ చెప్పలేరు మేడమ్ అంది. మళ్ళీ వచ్చినా అందుకే వచ్చిందనలేం, రాకపోయినా అవి మానడం వల్ల ఏం కాలేదనలేం. కణాల లెక్క కూడా అది చెప్పదు అంది.

అంటే ఎప్పటికీ తెలియదు. ఆయనకు కడుపులో నొప్పి వచ్చిన ప్రతిసారీ నేను లేచి కూర్చోవాలి. ఆయన నా వైపు చూస్తాడు.

సెప్టెంబర్ 14

ఇన్నాళ్ళూ ఆయన పోవాలని చూశాను. నేను పోవచ్చని తోచనే లేదు.

సెప్టెంబర్ 18

మడికొండలో ఒక ప్రైవేటు బడిలో పదో తరగతి దాకా బయాలజీ చెప్పేవాళ్ళు కావాలంటే వెళ్ళాను. ఎక్స్‌పీరియన్స్ అడిగారు. లేదన్నాను. ఒక పాఠం చెప్పి చూపించమన్నారు. రక్తం గురించి చెప్పాను. మధ్యలో వెనక బెంచీలో గుసగుసలాడే ఇద్దరు పిల్లల్ని లేపి నిలబెట్టాను. దసరా సెలవులయ్యాక రమ్మన్నారు.

బడికి దగ్గరలో ఒక గది, వంటిల్లు చూసుకుని వచ్చాను.

సెప్టెంబర్ 28

వీధిలో ఆడవాళ్ళు బతుకమ్మలు పేరుస్తున్నారు. ఇంట్లో అనూష, నేను ఇద్దరమే. దాన్ని కూర్చోబెట్టి అంతా చెప్పాను. పలుపు కొస ఆయన చేతిలో ఉండగా గడప దాటడం నాకిష్టం లేదు. ఫోన్ ఎప్పుడు వచ్చింది, నేనేం దాచాను, దాని ముఖం చూసి ఏం అబద్ధం చెప్పాను, అన్నీ.

అది ఏడవలేదు. నేను అడిగినప్పుడు నీకు డాడీ గుర్తుకురాలేదా అంది. గుర్తొచ్చాడు కాబట్టే చెప్పలేదు అన్నాను. నిజమే చెప్పాను. దాని ముఖం చూశాక అనకుండా ఉండాల్సింది అనిపించింది.

“నువ్వు పోతే మంచిదే మమ్మీ,” అంది. “నిన్ను చూస్కుంట నేను ఈ ఇంట్ల అన్నం తినలేను.”

అక్టోబర్ 2

దసరా. ముగ్గురం మూడు గదుల్లో తిన్నాం.

అక్టోబర్ 5

ఆటో వచ్చింది. రెండు సంచులు, ఒక పెట్టె. వంటకు కట్టమ్మ రెండు పూటలా వస్తానని ఒప్పుకుంది. మందులు ఏ వేళకు ఏవో కట్టమ్మకు చూపించాను. అనూష తలుపు వేసుకుని ఉంది.

ఆయన ముందు గదిలో సోఫాలో కూర్చుని ఉన్నాడు. జుట్టు మళ్ళీ వస్తోంది, తెల్లగా, పసిపిల్లాడికి వచ్చినట్టు.

“యాడికి?”

మడికొండకు అన్నాను. బడిలో పని, అక్కడే ఉంటాను అన్నాను.

ఆటోవాడు హారన్ కొట్టాడు.

“నేను బతికినందుకా?” అన్నాడు.

“అవ్,” అన్నాను. “నువ్వు సచ్చిపోతే ఈడనే ఉందును.”

అరుస్తాడనుకున్నాను. అరవలేదు. వేళ్ళు రెండు చేతుల్లోవీ ఒకదానితో ఒకటి రుద్దుకుంటూ నేలకేసి చూశాడు. వాటికి ఇంకా స్పర్శ రాలేదు.

“అయితే నా బతుకు నీకు అచ్చొచ్చినట్టే,” అన్నాడు.

అది తిట్టో, మరేమిటో తేల్చుకోవడానికి ఆగలేదు. పెట్టె ఎత్తుకున్నాను. బరువుగానే ఉంది, కానీ నేనే ఎత్తుకున్నాను.

అక్టోబర్ 8

గొంతు పోయింది. ఎనిమిదో తరగతి పిల్లలు రాక్షసులు. అందులో ఒకడు నన్ను వెక్కిరించాడు, వాణ్ణి బయట నిలబెట్టాను. సాయంత్రం అన్నం వండుకుని, కంచం ఒళ్ళో పెట్టుకుని, కిటికీ దగ్గర తిన్నాను. అనూష ఆఫీసు ఈ కిటికీలోంచి కనిపిస్తుంది. ఎన్నో అంతస్తో నాకు తెలియదు. ఎప్పుడూ అడగలేదు.

అక్టోబర్ 11

అనూష ఫోన్ చేసింది. పేరు చూసి, సుద్ద బల్ల మీద పెట్టి క్లాసు బయటికి వచ్చాను.

డాడీ తిన్నడు, మాత్రలేసుకున్నడు అని మాత్రం చెప్పి పెట్టేసింది.

నేను అడగలేదు. అడగబోతున్నానని దానికెలా తెలిసిందో.